దీర్ఘం లేని మూడో క్లచ్

మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గూడూరు మండలంలో మా తండా దగ్గర, వాగు నుంచి ఇండ్ల వైపు ఎక్కే ఎర్ర కంకర మొరం దారి మీద, ఎనభై బస్తాల వడ్లతో ఉన్న లారీ ముందుకు పోవాల్సింది వెనక్కి జారింది. ఆ లారీ గేరుబాక్సు మా ఇంటి వెనక విప్పి, కొత్త సామాను వేసి, మళ్లీ బిగించింది నేనే. టైము ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటే, సరిగ్గా అప్పుడే నా స్నేహితుడి జేబులో ఫోన్ మోగింది. ఎత్తలేకపోయాడు. ఎత్తని ఆ ఫోన్ టైము అందులో అట్లాగే పడి ఉంది. తర్వాత ఇద్దరం చాలాసార్లు తీసి చూసుకున్నాం.

నేను భూపాలపల్లి దిక్కున ఒక బొగ్గు గని వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయిన ఫిట్టర్ని. డంపర్ల ఆటోమేటిక్ గేరుబాక్సులు నా పని. ఇప్పుడు షెడ్లలో పనిచేస్తున్న మీలాంటి చిన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గేరుబాక్సు ఎట్లా విప్పాలో మీ ఫోన్లలోనే చూపిస్తున్నారు, అది నా దగ్గర నేర్చుకోనక్కరలేదు. ఎదుటివాడు ఒక మాట అడిగినప్పుడు లేచి వెళ్లి చూడకపోతే ఏమవుతుందో ఆ ఫోన్లలో ఉండదు. అది నా దగ్గర ఉంది.

నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. మా ఇంటి భాషకు లిపి లేదు, తెలుగు బడికి నన్ను ఎవరూ పంపలేదు. వర్క్‌షాపులో చేరిన రోజు నుంచి సామాను వేళ్లతోనే గుర్తుపట్టేవాణ్ని. విప్పిన ప్రతి ముక్కకూ సన్నని రాగి తీగ చుట్టి ముడి వేసేవాణ్ని. ఒకటో క్లచ్ సామానుకు ఒక ముడి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. ఆగి ఉన్న బండిని కదిలించే క్లచ్‌ను మేం ముందు క్లచ్ అంటాం. దాని సామానుకు ముడి లేకుండా ఉత్త తీగ చుట్టేవాణ్ని. ఆ తీగలతో ఏళ్ల తరబడి పనిచేశాను, ఒక్క ముక్క తారుమారు కాలేదు. మా ఫోర్‌మన్ మాత్రం నలుగురి ముందు "ఏందిరా, గేరుబాక్సుకు తాయత్తులు కడుతున్నవా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. నవ్వు రాకపోయినా నవ్వేవాణ్ని.

తర్వాత క్యాంటీన్‌లో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చదువు మొదలుపెడితే చేరాను. క్రమం తప్పకుండా పోయాను, ఒక్కరోజు తప్ప. ఆ రోజు ఒక డంపర్ గనిలో నిలిచిపోయి నన్ను కిందికి పంపారు. మర్నాడు పోయేసరికి పంతులు తరువాతి పాఠంలో ఉన్నాడు. తప్పిపోయింది కొమ్ము, కొమ్ముదీర్ఘం పాఠం. కొమ్ము తర్వాత చూసి నేర్చుకున్నాను, దాన్నే సాగదీసి పలుకుతూ రాస్తే దీర్ఘమవుతుందిలే అనుకున్నాను. అడిగితే మళ్లీ నవ్వుతారని అడగలేదు.

ఇక లారీ సంగతి. అది నా బామ్మర్దిది, అంటే నా భార్య తమ్ముడిది. జనగామ నుంచి ఊరూరికీ లారీ తోలి బతికినవాడు. ఒకసారి లోడు మీద టార్పాలిన్ పట్టా కడుతూ జారిపడ్డాడు. ఎడమ మోకాలు తర్వాత పూర్తిగా వంగలేదు. వంగని కాలుతో రోజంతా క్లచ్ తొక్కలేడు. రెండేళ్లు పాలకుర్తి దగ్గర ఒక మిల్లు గేటు కాడ కూర్చుని, లోపలికి వచ్చే లారీల నంబర్లు రాసుకున్నాడు. ఆ రెండేళ్లు మా ఇంటికి రావడమే మానేశాడు.

అప్పుడే గనిలో దుమ్ము మీద నీళ్లు చల్లే పాత లారీ ఒకటి వేలానికి వచ్చింది. ఆటోమేటిక్ బండి, క్లచ్ పెడలే లేదు. నేనే కబురు చేశాను. వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఎడమ కాలు పక్కకు చాపుకుని, కుడి కాలుతో ముందుకూ వెనక్కూ రెండుసార్లు నడిపాడు. దిగకుండానే, "బావా, దీనికి నా ఎడమకాలుతోని పనిలేదు" అన్నాడు. బండి కొన్నాడు.

నీళ్ల ట్యాంకు తీసి వడ్లు మోసే బాడీ కట్టించాడు. చిక్కంతా గేరుబాక్సు దగ్గర వచ్చింది. చదును నేల మీద నింపాదిగా తిరిగిన బండి అది. నిండు లోడుతో ఎత్తులు ఎక్కితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. జనగామలో అడిగాడు, మహబూబాబాద్‌లో అడిగాడు. అందరిదీ ఒకే మాట: ఈ ఆటోమేటిక్ మనకెందుకు, పీకేసి మామూలు గేరుబాక్సు పెట్టించుకో. మామూలు గేరుబాక్సు అంటే క్లచ్ పెడల్ ఉంటుంది. పెడల్ పెట్టడమంటే వాణ్ని మళ్లీ మిల్లు గేటుకు పంపడమే.

"నేను చేస్త, తీస్కరా" అన్నాను.

వేరే ఊరి నుంచి సామాను తెప్పించాం. ప్రతి క్లచ్‌కు ప్లేట్లు ఎక్కువ, నూనె చల్లబరిచే రేడియేటర్ పెద్దది, స్ప్రింగులు గట్టివి. ఇంటి వెనక రెండు ఇనుప దూలాలు నిలబెట్టి, అడ్డంగా మూడోది వేసి, చైన్ పుల్లీతో గేరుబాక్సు దించాం. సాయానికి భూపాలపల్లి నుంచి నా స్నేహితుడు వచ్చాడు. మా వర్క్‌షాపు స్టోరుకీపరు. మహబూబాబాద్ బజార్లో దుకాణాలున్న ఇంటి మనిషి, అందుకే గనిలో అందరం సేటు అనేవాళ్లం. నాకు అక్షరాలు రానన్నాళ్లూ సామాను చీటీలు నా బదులు ఆయనే రాశాడు. ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు. అట్లాంటి మనిషి.

ఆ సేటుకు నా చదువు చూపించుకోవాలన్న ఆశ నాకుండింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని అదే నిజం. అందుకే ఈసారి తీగ ముడులు వేయలేదు. చిన్న ప్లాస్టిక్ కవర్లలో సామాను వేసి, నోటుబుక్కు కాగితం చింపి, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాసి పెట్టాను. ఒకటికి ఒ, రెండుకు రె, నాలుగుకు నా. ముందుకు ము. మూడుకు కూడా ము. నా లెక్కలో అవి రెండు వేర్వేరు అక్షరాలు. రాసేటప్పుడు మనసులో సాగదీసి పలికాను కదా, కాగితం మీద కూడా సాగిందనే అనుకున్నాను.

ఆటోమేటిక్ గేరుబాక్సులో వాల్వ్ బాడీ అని ఒక పలక ఉంటుంది. లోపలంతా సన్నని దారులు. నూనె ఎప్పుడు ఏ క్లచ్‌కు ఎంత ఒత్తిడితో పోవాలో అది చెబుతుంది. అందులో ఒక్కో క్లచ్‌కు ఒక్కో చిన్న స్ప్రింగు. స్ప్రింగు గట్టిదైతే క్లచ్ గట్టిగా పట్టుకుంటుంది, మెత్తదైతే లోడు మీద జారుతుంది. ముందు క్లచ్‌దీ మూడో క్లచ్‌దీ ఎత్తులో సమానం, తీగ మందంలోనే వెంట్రుకంత తేడా. నా కుడి కంటిలో శుక్లం. అందుకని సేటు కవరు చదివి అందిస్తాడు, నేను వేళ్లతో తడిమి రంధ్రంలో పెడతాను. ఆదివారం మధ్యాహ్నం ఆ పని నడుస్తోంది.

సేటు రెండు కవర్లు పట్టుకుని ఆగాడు.

"మేస్త్రీ, రెండిటి మీద ము అనే ఉన్నది. ఏది ముందు, ఏది మూడు?"

నా భార్య అక్కడే మిరపకాయలు తొడిమలు తీస్తోంది. బామ్మర్ది ఉన్నాడు, అతని భార్య ఉంది. అందరూ నా వైపు చూశారు. ఫోర్‌మన్ నవ్వు మళ్లీ నా చెవిలో వినిపించింది.

"ఒకదానికి దీర్ఘం ఉంటది. సదువుకున్నోనివి గదా, సదువుకో" అన్నాను. తల ఎత్తలేదు.

నేను చిన్నబుచ్చుకున్నానని సేటుకు అర్థమైంది. రెండోసారి అడగలేదు. ఒక కాగితం మీద అక్షరం పక్కన గ్రీజు మరక సాగి ఉంది. దాన్నే దీర్ఘం అనుకున్నాడు. "ఇగో, ముందుది" అని మరక లేనిది అందించాడు.

వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా తగిలింది. ముందు క్లచ్ స్ప్రింగు ఇంత మెత్తగా ఉండకూడదే అని వేలి కొన చెప్పింది. కొత్త రకం సామాను కదా, కాగితం మీద రాసి ఉంది కదా అనుకున్నాను. పెట్టేశాను. మూడోదాంట్లో గట్టిది పెట్టాను.

సోమవారం గేరుబాక్సు ఎక్కించి, ఖాళీ బండి రోడ్డు మీద తిప్పాం. బామ్మర్ది ముఖంలో వెలుగు చూడాలి. దిగి ఒక్క మాట చెప్పాడు.

"అంత మంచిగున్నది గని బావా, మూడో గేరు వడేటప్పుడు ఎనక నుంచి ఎవలో గుద్దినట్లయితంది."

"కొత్త స్ప్రింగు. కుదురుకుంటది" అన్నాను.

బండి స్వయంగా నోరు తెరిచి చెప్పిన మాట అది. మూడో క్లచ్‌లో ఉండాల్సినదానికన్నా గట్టి స్ప్రింగు ఉందని. నేను వినలేదు. అప్పటికి రెండుసార్లు నా చెవి దాకా వచ్చి వెనక్కి పోయింది నిజం.

మంగళవారం లోడు పరీక్ష. వాగు అవతల కల్లాల దగ్గర తండా వాళ్ల వడ్లు బస్తాల్లో ఉన్నాయి. ఎట్లాగూ కొనుగోలు కేంద్రానికి పోవాల్సినవే. ఎనభై బస్తాలు ఎక్కించి వాగు దాటాం. బామ్మర్ది తోలుతున్నాడు. అతని భార్యే క్లీనరు. చెల్లె అని పిలుస్తాను ఆమెను. తాడు కట్టిన చెక్క దిమ్మ ఒకటి ఆమె చేతిలో ఉంటుంది. ఎత్తులో బండి ఆగితే వెనక చక్రం కింద పెడుతుంది, బండి కదలగానే తాడు పట్టి లాగేస్తుంది. నా భార్య గట్టు మీద గడ్డి కోస్తోంది. సేటు బండి వెనక నడుస్తున్నాడు, నేను డ్రైవర్ తలుపు పక్కన.

వాగులోంచి వచ్చిన ఊపుతో బండి సగం ఎత్తు ఎక్కింది. అక్కడ ఆపమన్నాను.

"ఈడ ఆపి మళ్ల లేపు. ఈడ లేస్తే యాడనన్న లేస్తది."

"ఎందుకు బావా, మంచిగనే పోతంది గదా."

"ఆపుమన్న గదా."

ఆపాడు. చెల్లె ఎడమ వెనక చక్రం కింద దిమ్మ పెట్టింది. అతను బ్రేకు వదిలి యాక్సిలేటర్ తొక్కాడు. ఇంజను గర్జించింది. బండి ముక్కు పైకి లేచినట్టే లేచి ఆగింది. ఇంజను శబ్దం పెరుగుతోంది, చక్రం తిరగడం లేదు. ఇప్పుడు పట్టుకుంటుంది, ఇప్పుడు పట్టుకుంటుంది అని అతను ఇంకా తొక్కాడు. బరువంతా దిమ్మ మీద పడింది. మొరం మీద దిమ్మ జారింది. బండి వెనక్కి కదిలింది.

చెల్లె తాడు వదిలి పక్కకు దూకాల్సింది. ఆమె దూకలేదు. వంగి, దిమ్మను కాలితో లోపలికి నెట్టబోయింది. కాలి కింద మొరం జారి పడిపోయింది.

అదంతా నాకు కనబడుతోంది. అరిచింది నా భార్య, "బిరేకు, బిరేకు" అని. అతను తొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి. అయినా బండి మొరం మీద ఇంకో మూరెడు జారి ఆగింది.

చెల్లె పక్కకు తిరిగి పడి ఉంది. చక్రం ఆమె నడుముకు జానెడు దూరంలో ఆగింది. చీర కొంగూ కుచ్చిళ్లూ చక్రం కింద ఇరుక్కున్నాయి. లేవబోతే లేవలేకపోతోంది. అప్పుడే సేటు జేబులో ఫోన్ మోగడం మొదలైంది.

"బావా, ఏమైంది? ఆమె ఏది?" అతనికి అద్దంలో ఆమె కనబడటం లేదు.

"కాలు తియ్యకు. ఏం గాలే. చీర ఇరికింది."

"అయితే జర ముందుకు గుంజుత. జానెడు గుంజితే ఎల్లుతది."

సేటు కూడా అదే అన్నాడు. "ముందుకు పోనియ్, మేస్త్రీ."

ఎవరైనా అదే అంటారు. కాని ముందుకు గుంజాలంటే బ్రేకు మీది కాలు తీసి యాక్సిలేటర్ మీద పెట్టాలి. అతనికి పనిచేసే కాలు ఒక్కటే. ఆ మధ్యలో క్లచ్ పట్టుకోవాలి. పట్టుకోకపోతే చక్రం ఆ జానెడు దూరం వెనక్కి వస్తుంది. చక్రం కింద మొరం గింజలు పటపటమని నలుగుతున్నాయి. బండి ఇంకా కొద్దికొద్దిగా జారుతోందని ఆ చప్పుడే చెబుతోంది.

నాకు అప్పుడు వేలి కొన గుర్తొచ్చింది. ఆదివారం నాటి మెత్తదనం. దాని వెంటే సోమవారం నాటి గుద్దు. రెండూ ఒక్క క్షణంలో పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి.

"వద్దు" అన్నాను. "క్లచ్ పట్టదు. కాలు తీసినవంటే ఆమె మీదికి వస్తది."

"కొత్తగ చేసినవు గద బావా."

"పట్టదు అంటున్న గదా. కాలు అట్లనే ఉంచు."

నా భార్య అప్పటికే గట్టు దిగింది. కొడవలితో చీర కోసింది. మోకాళ్ల మీద కూర్చుని, చక్రానికి ముఖం ఆనేంత దగ్గరగా, ముడతలు ముడతలుగా ఇరుక్కున్న గుడ్డను ఒక్కో మడత కోసింది. కోస్తూ నన్ను మా భాషలో తిట్టింది. ఏం తిట్టిందో రాయడానికి మా భాషకు అక్షరాలు లేవు, నా అదృష్టం. సేటు రాళ్లు మోసుకొచ్చి చక్రం వెనక వేస్తున్నాడు. చివరి మడత తెగగానే నా భార్య చెల్లెను రెండు చంకల కింద పట్టి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఫోన్ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు.

తండా వాళ్లు వచ్చి బస్తాలు దించారు. ఖాళీ బండిని మెల్లగా వాగు గడ్డకు దింపాం. బామ్మర్ది రెండు చేతులతో పట్టి ఒక కాలు సీట్లోంచి దించుకున్నాడు. బ్రేకు మీద అంతసేపు పెట్టిన మంచి కాలే.

మధ్యాహ్నం మా ఇంటి వెనక రేకుల కింద కూర్చున్నాం. అన్నం ఎవరూ సరిగా తినలేదు. చెల్లె నా భార్య చీర కట్టుకుని, మోచేతి గాయానికి పసుపు పెట్టుకుని గోడకు ఆనుకుంది. అందరికంటే ముందు సేటు నోరు తెరిచాడు.

"నాదే తప్పు. కవర్లు నేనే తారుమారు ఇచ్చి ఉంట."

నేను ఊరుకున్నాను. చిన్నవాళ్లారా, ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. నేను ఊరుకున్నాను. తప్పు ఎవరిదో నాకు పదకొండు ఇరవైకే తెలుసు. అయినా ఒక ముద్ద కలుపుకుని, నోట్లో పెట్టుకుని, నమిలాను. నా చీటీలు ఏళ్లకేళ్లు రాసి ఎవరికీ చెప్పని మనిషి నా బదులు తప్పు మోస్తుంటే అన్నం తిన్నాను.

బామ్మర్ది తల వంచుకుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

"ఎవ్వల తప్పైతేంది తియ్యి సేటూ. నాకు రాసిపెట్టి లేదు. బండి అమ్మేస్త. మిల్లుకాడికే పోత."

"నన్నడిగినవా?" అంది చెల్లె గోడ దగ్గర నుంచి.

"నిన్ను సంపుదునే ఇయ్యాల."

"సంపలే గదా. గా గేటుకాడ కూసున్నప్పుడు నువ్వు రెండేండ్లు నాతోని మాట్లాడలే. గది యాదికున్నదా?" తర్వాత నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చెప్పు. గీ బండి లేస్తదా, లేవదా? నిజం చెప్పు."

లేచి చేయి కడుక్కున్నాను. చెత్త డబ్బాలోంచి ఆ రెండు కాగితాలు వెతికి తెచ్చి సేటు ముందు పెట్టాను.

"సదువు."

సేటు కళ్లజోడు పెట్టుకుని, మరక ఉన్న కాగితాన్ని గోటితో గీరాడు. దీర్ఘం అనుకున్నది గోటికి అంటుకుని వచ్చింది. మెల్లగా అన్నాడు, "రెండిటికి దీర్ఘం లేదు."

"నాకు కొమ్ముదీర్ఘం పెట్టొస్తలేదు. ఆ పాఠం నాడు నేను పోలే. నువ్వు అడిగితే లేచి చూడలే. వేలు చెప్తే వినలే. వీడు గుద్దుతుందని చెప్తే వినలే. పొద్దున్నే తెలిసింది, ఇంతసేపు చెప్పలే." ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "బండి లేస్తది చెల్లె. గేరుబాక్సు తప్పులేదు."

సేటు కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అన్నేండ్లు నీ చీటీలు రాసిన. ఒక్కనాడు సదువుమంటే ఆగమైన" అన్నాడు. నవ్వాడో లేదో నేను చూడలేదు.

బామ్మర్ది పుల్ల కింద పడేశాడు. నన్ను తిడతాడనుకున్నాను. "ఈసారి తీగె సుట్టు బావా. గా ముడులే మంచిగుండె" అన్నాడు.

బుధవారం గేరుబాక్సు కింది పళ్లెం విప్పి వాల్వ్ బాడీ దించాం. రాగి తీగ తెచ్చి మూడో స్ప్రింగుకు మూడు ముడులు వేశాను, ముందుదానికి ఉత్త తీగ. జాగా దగ్గరికి వచ్చాక తీగ తీసి, వేలితో నొక్కి చూసి పెట్టాను. సేటు పక్కన కూర్చుని ప్రతిదానికీ, "ఏంది అది?" అని గట్టిగా అడిగాడు. ప్రతిసారీ తలెత్తి చెప్పాను.

గురువారం అదే దారి, అవే ఎనభై బస్తాలు, అదే సగం ఎత్తు. చెల్లె దిమ్మ తీసుకుని వెనక్కి నడుస్తుంటే ఆపాను.

"ఇటియ్యి. నేను పట్టుకుంట."

"వంగనీకె వస్తదా నీకు?"

"వస్తది."

దిమ్మ పెట్టి, తాడు చేతికి చుట్టుకుని చక్రం వెనక నిలబడ్డాను. ముప్ఫై ఏళ్లు గేరుబాక్సులు బాగుచేసినవాణ్ని, నేను చేసిన పని వెనక అంత దగ్గరగా ఎన్నడూ నిలబడలేదు. టైరు మీద మొరం గింజలు లెక్కపెట్టగలిగేంత దగ్గర. ఇంజను శబ్దం పెరిగింది. తర్వాత ఎదుటి టైరు నా నుంచి దూరంగా జరిగింది. ఒక జానెడు, ఒక మూరెడు, ఒక బారెడు. తాడు లాగడం మర్చిపోయి అట్లాగే నిలబడ్డాను. బండి తండా మలుపు దాటిపోయింది. మూడో గేరు మెత్తగా పడటం అంత దూరం నుంచీ వినబడింది.

ఇప్పుడు అతను పాలకుర్తి, నర్మెట్ట కేంద్రాల నుంచి జనగామ మిల్లులకు వడ్లు మోస్తున్నాడు. చెల్లె ఇంకా క్లీనరే. ఎత్తులో ఆగితే దిమ్మ పెట్టి, తాడు పట్టుకుని మూడు అడుగులు పక్కకు పోయి నిలబడుతుంది. ఆ మూడు అడుగులు నేను నేర్పినవి కావు. నా పని నేర్పినవి.

ఆ మంగళవారం అక్కడ ఎవరెవరు ఉన్నారో రాసి ముగిస్తాను. పేర్లు వద్దని నా భార్య అంది, అందుకని ఎవరి పనితో వాళ్లను రాస్తున్నాను. దీర్ఘాలన్నీ సేటు చేత చూపించుకున్నాను. బ్రేకు మీది కాలు తీయని బామ్మర్ది. దిమ్మను వదలని చెల్లె. కొడవలితో చీర కోసిన నా భార్య. తనది కాని తప్పును తన మీద వేసుకున్న సేటు. మూడుకు ము అని రాసిన నేను.